కుప్పలో లేని దారం

మధ్యగది తలుపు తెరుచుకోలేదు. లోపల కుప్ప కూలి తలుపుకి అడ్డం పడింది.

"భుజం పెట్టి తొయ్యవే," అంది అత్త వెనకనుంచి.

తోశాను. తలుపు జానెడు తెరుచుకుని ఆగింది. ఆ సందులోంచి నాన్న పంట్లాం కాలొకటి బయటికి జారింది, లోపలెవరో పడుకుని కాలు చాపినట్టు.

నాన్న బనియనుతో హాల్లో నిలబడి ఉన్నాడు. ఆరున్నరకి డిపో నుంచి బస్సు తియ్యాలి. ఆయన యూనిఫాం చొక్కాలు మూడూ ఆ తలుపు వెనకే ఉన్నాయి. డ్రైవరు వెనక సీటులో ఈ మధ్య ఎవరూ కూర్చోవడం లేదని, కారణం ఏమిటో కాస్త చూసుకోమని డిపో ఇన్‌చార్జి మొన్న అన్నాడట. ఆ మాట నాన్న మాకు చెప్పలేదు. తమ్ముడు పనిచేసే మెకానిక్ షెడ్డుకి బండి బాగుచేయించడానికి వచ్చిన కండక్టరు చెప్పాడు.

సందులో చెయ్యి పెట్టి అందిన చొక్కా లాగాడు. వాసన చూశాడు. దులిపాడు. వేసుకున్నాడు. అది మొన్న గురువారం విడిచిన చొక్కా. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"సాయంత్రం మాట్లాడదాం," అన్నాడు గుండీలు పెట్టుకుంటూ. ఎవరితోనో స్పష్టంగా తెలియలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మాట్లాడాల్సింది నా గురించే. నిన్న రాత్రి భోజనాల దగ్గర అత్త ఒక తీర్పు చెప్పింది, నాన్న తలూపాడు. నా ఉద్యోగం కాగితంలో సోమవారం పది గంటలకల్లా చేరాలని ఉంది. చేరకపోతే జాబితాలో తర్వాతి వాళ్లకి ఇస్తామని కూడా ఉంది. నీటి పరీక్షల ల్యాబులో సహాయకురాలి పోస్టు. ఊరు ఇక్కడికి రాత్రంతా బస్సు ప్రయాణం. మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఇలాంటి కాగితం ఇంటికి రావడం ఇదే మొదలు. వచ్చిన రోజు నాన్న దాన్ని రెండుసార్లు చేతులు కడుక్కుని పట్టుకున్నాడు.

కానీ అమ్మ కుడి మణికట్టు విరిగి నలభై రోజులైంది. కట్టు విప్పి పన్నెండు రోజులైంది. అమ్మ చెయ్యి ఇంకా శాలువాలోనే ఉంది. పట్టు రాలేదు అంటుంది. అంతకుమించి అనదు.

అత్త తీర్పు ఇది. శనివారం సాయంత్రం తమ్ముడు, అంటే మా నాన్న, డ్యూటీ దిగి రాగానే మరదలి చెయ్యి అందరూ చూస్తారు. పట్టు వచ్చిందా, అమ్మాయి ఆదివారం బస్సెక్కుతుంది. రాలేదా, అమ్మాయి రాలేనని ఆఫీసుకి ఉత్తరం రాసి ఇంట్లో ఉంటుంది.

"నేనేం డాక్టర్ని కాదు. కానీ ముప్ఫై ఏళ్లు ఈ చేతుల్తో బట్టలు పిండాను," అంది అత్త. "చెయ్యి సంగతి తెలియడానికి ఒక తడి తువ్వాలు చాలు."

తమ్ముడు అన్నం తింటూ నవ్వాడు. అమ్మ తల ఎత్తలేదు. నాకు ఏడుపు రావాలి, రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు నొక్కి చూసుకుంటే మన కాలు కానట్టు ఉంటుంది. అలా ఉంది.

పొద్దున తలుపు దగ్గర నిలబడ్డప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చెయ్యి సంగతి నా చేతుల్లో లేదు. కుప్ప సంగతి ఉంది. ఇల్లు ఎవరు చూస్తారు అని వాళ్లు అనేది ఈ కుప్పని చూసే. సాయంత్రానికి కుప్ప లేకపోతే, అన్నీ ఉతికి ఆరేసి మడతలు పెట్టి ఎవరివి వాళ్ల అరల్లో సర్దేస్తే, ఆ మాటకి బలం తగ్గుతుంది. చదువుకున్న రోజుల్లో కూడా నేనింతే. ప్రశ్న అర్థం కాకపోతే పేజీలు నింపేదాన్ని.

అమ్మ వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. తలుపు పూర్తిగా తోసి, బట్టలు చేతులనిండా తీసుకుని హాల్లో పోయడం మొదలుపెట్టాను.

"ముట్టుకోకు," అంది అమ్మ.

పది రోజుల్లో నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

"నాకేం కష్టం లేదమ్మా."

"ఉండనివ్వు."

నామీద జాలితో అంటోందనుకున్నాను. ఇంకో చేతినిండా తీసుకొచ్చాను. అమ్మ కాసేపు నన్ను చూసి, గోడవైపు తిరిగింది.

మా ఇంట్లో బట్టలకి దారాలుంటాయి. అమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ ఏ వార్డు దుప్పటి ఆ వార్డుకి పోవడానికి అంచున రంగు దారం కుడతారు. మిగిలిన దారం ముక్కలు అమ్మ ఇంటికి తెచ్చి మా కాలర్ల వెనక, నడుంపట్టీల లోపల నాలుగు కుట్లు వేసేది. నాన్నకి నీలం. తమ్ముడికి ఆకుపచ్చ. నాకు ఎరుపు. అమ్మకి ఊదా. దుప్పట్లకీ తువ్వాళ్లకీ తెలుపు. చీకట్లో కూడా వేలితో తడిమి కుట్లు లెక్కపెట్టి ఎవరిదో చెప్పేది. రోజంతా వందల దుప్పట్లు యంత్రాల్లో వేసి తీసి వచ్చి, మా ఇంట్లో యంత్రం లేదు కాబట్టి మావి చేత్తో ఉతికేది. ఇరవై నాలుగేళ్లు. ఇందులో విచిత్రం ఏమైనా ఉందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

చెయ్యి విరిగిన రోజు నుంచి వంట నామీద పడింది. పగలు జిరాక్సు షాపులో పని, పొద్దునా రాత్రీ వంట. బట్టలు మాత్రం ఎవరిమీదా పడలేదు. విడిచినవి విడిచినట్టు మధ్యగదిలోకి విసిరేవాళ్లం. నావీ అందులోనే. మొదటి వారం గదిలో నడవడానికి దారి ఉండేది. మూడో వారానికి తమ్ముడు గుమ్మంలోంచే గురిచూసి విసిరేవాడు. నాన్న రెండు డజన్ల బనియన్లు కొన్నాడు. తమ్ముడు చొక్కాలు కొన్నాడు. కొనడం వాళ్లకి వచ్చు.

హాలు నేలమీద కూర్చుని దారం రంగుల ప్రకారం వేరు చేశాను, దారం లేని కొత్తవి కొలత చూసి. పైపొర ఈ వారంది. కింద చెయ్యి పెట్టేకొద్దీ వెనక్కి పోతున్నట్టుంది. వాన పడిన వారం తడిసి బూజు పట్టిన దుప్పటి. నాన్న జేబుల్లో టిక్కెట్టు ముక్కలు, ఒక జలుబు మాత్ర, ఎవరో పిల్లకాయ బస్సులో వదిలేసిన రబ్బరు. తమ్ముడి ఓవరాల్ ఇంజనాయిలు తాగి ఎండి, నిలబెడితే నిలబడేలా ఉంది. అట్టడుగున నేను ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి వేసుకున్న డ్రెస్సు. అమ్మ పడింది ఆ మధ్యాహ్నమే. లాండ్రీలో తడి నేలమీద.

అత్త కుర్చీ దగ్గరగా జరుపుకుని పర్యవేక్షణ మొదలుపెట్టింది. తెల్లవి ముందు నానబెట్టమంది. నేను అదే చేస్తున్నాను. సబ్బుపొడి తక్కువ వెయ్యమంది. ఈ ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ, తక్కువ వేస్తే నురగ రాదని చెప్పాను.

"ఏమోనమ్మా, మేం చదవకుండానే ఉతికాం," అంది. తర్వాత తన బట్టలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "వచ్చి ఎనిమిది రోజులైంది. నావాటికి ఒక్క కుట్టు వెయ్యలేదు మీ అమ్మ. నేనీ ఇంటి మనిషిని కాననేగా."

"చెయ్యి బాగా లేదు కదా అత్తా."

"అదే, ఆ చెయ్యే," అంది అత్త, వంటింటివైపు చూస్తూ.

అమ్మ పీట మీద లేదు. ఎప్పుడు లేచి వెళ్లిందో చూడలేదు.

అప్పటికి ఎనిమిదైంది. నేలమీద ఐదు కుప్పలున్నాయి. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, దారం లేని అత్తవి. ఐదు చాలనిపించింది. ఒకటి తక్కువ ఉందని ఆ క్షణాన తట్టలేదు. కనిపించేది వెతకడమే గానీ, కనిపించనిది వెతకడం ఎవరు నేర్పారు నాకు.

వెనక పెరట్లో కొళాయి కింద బండ ఉంది. మురికివి ఆఖరున ఉతకాలనేది అమ్మ పద్ధతి. ముందు దుప్పట్లు, తర్వాత నావి, తర్వాత అత్తవి. నాన్నవీ తమ్ముడివీ రెండు పెద్ద తొట్లలో నానేశాను. వంగి రుద్దడం, జాడించడం, పిండడం. పది దుప్పట్ల తర్వాత లెక్క మానేశాను. చేతివేళ్లు ముడతలు పడి తెల్లబడ్డాయి. నడుము నాది కానట్టు ఉంది. దేని గురించీ ఆలోచించకుండా గంటలు గడపడం ఇంత తేలికని తెలియదు.

మధ్యలో తమ్ముడు షెడ్డు నుంచి వచ్చాడు. తొట్టి మీద వంగి చూశాడు.

"డిగ్రీగారూ, నా ఓవరాల్‌ది ఎన్నో నంబరు?"

"ఆఖరు."

"సోమవారానికి ఆరుతుందా?"

"ఏమో."

"సోమవారం నువ్వుంటావో ఉండవో గానీ ఓవరాల్ మాత్రం ఉండాలక్కా. లేకపోతే ఓనరు నన్ను షెడ్డు బయటే కూర్చోబెడతాడు." నవ్వాడు. నేను నవ్వలేదని చూసి కాస్త ఆగాడు. "నిజంగా వెళ్లాలనుందా నీకు?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఇంట్లో ఎవరూ అడగలేదు. జవాబు కోసం లోపల వెతికాను. నేను చెప్పేలోపే వాడు మగ్గుతో చేతులు కడుక్కుని, ఆ తడి చేతులు నేను అప్పుడే పిండిన తువ్వాలుకి తుడుచుకుని, అన్నం పెట్టుకోవడానికి లోపలికి వెళ్లాడు.

పెరట్లో దండేలు నిండిపోయాయి. మిగిలినవి బకెట్లో వేసుకుని డాబా ఎక్కాను. అది మూడు వాటాలవాళ్లదీ. నీళ్ల ట్యాంకు ఇవతల దండెం మీద చోటు లేదు. ట్యాంకు అవతల మూలకి సాధారణంగా ఎవరూ వెళ్లరు, గోడకీ ట్యాంకుకీ మధ్య మనిషి పట్టే సందు. అక్కడ తాడు కట్టొచ్చేమోనని తొంగిచూశాను.

తాడు ముందే ఉంది. దానిమీద రెండు బట్టలు ఆరేసి ఉన్నాయి. అమ్మ లాండ్రీ డ్యూటీకి వేసుకునే బూడిదరంగు కోటు, అమ్మ నైటీ.

బకెట్ కింద పెట్టాను.

అప్పుడు తట్టింది. ఊదా. నలభై రోజుల కుప్పలో ఒక్క ఊదా దారం లేదు. ఒక్కటీ. అమ్మ ఇన్నాళ్లూ ఒకే నైటీతో లేదు కదా. మంగళవారం ఆకుపచ్చది, మొన్న గళ్లది. ఆవిడ బట్టలు కుప్పలోకి రానే లేదు.

కోటు పట్టుకుని చూశాను. ఇంకా చెమ్మగా ఉంది. వెన్ను మీద ఏటవాలుగా మడతలు, తాడు పేనినట్టు, పైనుంచి కిందిదాకా. అది లాండ్రీ పిండుడు. బట్టని నిలువునా నాలుగు మడతలు వేసి, ఒక కొస కొళాయికి తగిలించి, రెండో కొస రెండు చేతుల్తో మెలితిప్పాలి. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ మడతలు అంత బిగువుగా రాలేదు. మా ఇంట్లో అది వచ్చింది అమ్మకొక్కదానికే. అదీ రెండు చేతులూ ఉంటేనే.

మెట్లమీద చప్పుడైంది. అమ్మ వస్తోంది. శాలువా భుజాన ఉంది, చేతులు రెండూ బయటే ఉన్నాయి. నా చేతిలో కోటు చూసింది.

"చూశావా," అంది.

అంతే. తడబడలేదు. నా బకెట్లోంచి దుప్పటి తీసి దులిపి, గోడమీద పరిచింది. జేబులోంచి క్లిప్పు తీసి కుడిచేత్తో నొక్కి పెట్టింది. గట్టి క్లిప్పు అది. నాకే రెండు వేళ్లు చాలవు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"పట్టు వచ్చిందా? కట్టు విప్పాక వారానికి."

"మరి కట్టున్నప్పుడు నీవి ఎవరు ఉతికారు?"

"నేనే. మీరంతా బయటికి పోయాక. ఒక చేత్తో." రెండో క్లిప్పు పెట్టింది. "మీ నాన్న చెప్పింది నిజమే. ఒక చేత్తో ఉతకొచ్చు. పిండటం ఒక్కటే రాదు."

నాన్న ఏం చెప్పాడని అడిగాను. అమ్మ ఆ సంగతి ఎవరిదో పక్కింటి సంగతిలా చెప్పింది. ఆసుపత్రి నుంచి పచ్చి కట్టుతో ఇంటికి వచ్చిన రెండో రోజు. నాన్న చొక్కా పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. రేపు డిపోలో తనిఖీ ఉంది, ఒక్క చొక్కానే, ఎడమచెయ్యి బాగానే ఉంది కదా, ఒక చేత్తో లాగించెయ్యలేవా అన్నాడు.

"కసిరి ఉంటే బాగుండేది," అంది అమ్మ. "మంచినీళ్లు అడిగినట్టు అడిగాడు. నాకు కోపం కూడా రాలేదే. ఏదో మొద్దుబారిపోయింది. ఇంక ముట్టుకోకూడదు అనుకున్నాను, అంతే."

"నాకు చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్తే నువ్వు ఉతికేదానివి."

బకెట్లోంచి ఇంకో దుప్పటి తీసి అందించాను.

"ఒకటో తారీకు నేను మళ్లీ పనిలోకి పోవాలి. చెయ్యి సంగతి అప్పుడెలాగూ బయటపడుతుంది. రేపు నువ్వు వెళ్లిపోతావు. ఆ మధ్య పది రోజులు వాళ్లిద్దరూ, ఆ కుప్పా. చొక్కా లేకపోతే ఏదో ఒకరోజు తొట్టి దగ్గరికి పోక చస్తారా అనుకున్నా. మీ అత్త వస్తుందనుకోలేదు. వచ్చి నా చెయ్యినీ నీ ఉద్యోగాన్నీ కలిపి ముడివేస్తుందనుకోలేదు." కింద పెరట్లోని దండేలవైపు చూసింది. "నలభై రోజులు ఆగాను. ఇంకో రెండు రోజులు ఆగలేకపోయావు నువ్వు."

పొద్దున్నుంచి నేను వేసిన దుప్పట్లు కింద వరసగా ఆరుతున్నాయి. శుభ్రంగా ఉన్నాయి.

"సాయంత్రం తువ్వాలు ఇస్తుంది అత్త," అన్నాను.

"ఇస్తుంది."

"నువ్వు పిండితే నేను వెళ్తాను. నువ్వు మళ్లీ ఆ బండ దగ్గరికి వెళ్తావు. పిండకపోతే నేనుండిపోతాను."

"లెక్క బాగానే వచ్చు నీకు," అంది అమ్మ. ఖాళీ బకెట్ తీసుకుని, శాలువా మళ్లీ కుడిచేతి మీదికి లాక్కుని మెట్లు దిగింది.

నేను కాసేపటికి దిగాను. పెరట్లో రెండు తొట్లు అలాగే ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ. నీళ్లమీద జిడ్డు తేలుతోంది. అలవాటు కొద్దీ చొక్కా ఒకటి పైకి తీశాను. కాలర్ వెనక నాలుగు నీలం కుట్లు. దాన్ని మళ్లీ నీళ్లలోకి వదిలేసి, చేతులు తుడుచుకున్నాను. అరిచేతులు మొద్దుబారిపోయాయి, తువ్వాలు గరుకు తెలియడం లేదు.

అత్త మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చి చూసింది. ఆ రెండూ ఎందుకు వదిలేశానని అడిగింది. నానాలన్నాను. ఎంతసేపని అడిగింది. తెలియదన్నాను.

"వింతగా ఉన్నావే కోడలా," అంది అత్త. "సంచి సర్దుకున్నావా లేదా?"

"లేదు."

"మంచిపని. సాయంత్రం చూసి సర్దుకుందువు గాని."

నాన్న ఐదింటికి వచ్చాడు. వెనకే తమ్ముడు వచ్చాడు, శనివారమైనా సినిమాకి పోలేదు. అత్త హాలు మధ్యలో కుర్చీ వేయించింది. దాని ముందు గిన్నె, గిన్నెలో నానిన తువ్వాలు. మందపాటిది, తెల్ల దారం ఉన్నది, పొద్దున నేనే ఉతికింది. నాన్న సోఫా అంచున కూర్చున్నాడు. గురువారం చొక్కా వీపుకి అంటుకుని ఉంది. ఆయన నావైపు చూడలేదు. నామీద ప్రేమ లేక కాదు. నేనుండిపోవాలని ఆయనకి ఉంది, ఆ సంగతి నాకు తెలియడం ఆయనకి ఇష్టం లేదు.

"ముందు నువ్వు చెప్పు," అంది అత్త నాతో. "ఇంట్లో ఉండేదానివి, రోజూ చూస్తున్నావు. మీ అమ్మ చేతికి పట్టు వచ్చిందా?"

అందరూ నన్ను చూశారు, అమ్మ తప్ప. అమ్మ తువ్వాలుని చూస్తోంది.

వచ్చింది అంటే ఆదివారం బస్సు నాది. ఒక్క మాట. నోరు తెరిచాను.

"రెండు తొట్లు మిగిలాయి," అన్నాను. "ఒకటి నాన్నది, ఒకటి తమ్ముడిది. అవి నేను ఉతకను."

నా గొంతు నాకే వింతగా వినిపించింది. పెద్దగా ఏమీ లేదు, వార్తలు చదివినట్టుంది.

"నేనడిగిందేమిటి, నువ్వు చెప్తున్నదేమిటి," అంది అత్త.

నాన్న తల ఎత్తాడు.

అత్త గిన్నె అమ్మవైపు తోసింది. అమ్మ శాలువా తీసి కుర్చీ వీపు మీద వేసింది. తువ్వాలు ఎత్తింది. నీళ్లు ధారగా కారాయి. నిలువునా నాలుగు మడతలు వేసింది, తొందరేమీ లేదు. ఒక కొస నా చేతికి ఇచ్చింది.

"పట్టుకో," అంది.

పట్టుకున్నాను. అమ్మ రెండు చేతుల్తో మెలితిప్పింది. నా చేతుల్లో కొస బిగుసుకుంటూ పోయింది, నేను రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టాల్సి వచ్చింది. గిన్నెలో నీళ్ల చప్పుడు ముందు ధార, తర్వాత చుక్కలు, తర్వాత ఏమీ లేదు. ఇంకో చుట్టు తిప్పింది. ఒక్క చుక్క కూడా రాలేదు.

దులిపి, కుర్చీ చేతిమీద పరిచింది. ఏటవాలు మడతలు స్పష్టంగా ఉన్నాయి.

"చెయ్యి బాగుంది వదినా," అంది. "అమ్మాయి రేపు బస్సెక్కుతుంది. నాకు ఒకటో తారీకు నుంచి డ్యూటీ. నా బట్టలు నేను ఉతుక్కుంటాను, దుప్పట్లు కూడా ఉతుకుతాను. నీలం, ఆకుపచ్చ నేను ముట్టుకోను."

తమ్ముడు తన కాలర్‌ని వెనక్కి తిప్పి చూసుకున్నాడు, తనది ఏ రంగో తెలియనట్టు. నిజంగానే తెలియదేమో.

"అంటే," అన్నాడు నాన్న. ఆగాడు. "అంటే ఇన్నాళ్లూ బాగానే ఉందా."

"కట్టు విప్పాక వారం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెయ్యి ఎలా ఉందని మీరు అడగలేదు. చొక్కా ఎప్పుడవుతుందని అడిగారు."

పక్కవాటాలో ఎవరో కుర్చీ లాగారు. అత్త గిన్నెలో నీళ్లని చూస్తూ కూర్చుంది. ఆవిడ పిండిన ముప్ఫై ఏళ్లు ఆవిడకి గుర్తొచ్చాయో, తన తీర్పు ఇలా తిరిగిందనే విసుగో, ముఖం చూసి చెప్పలేకపోయాను. ఒకసారి తన రెండు మణికట్లూ పట్టుకుని చూసుకుంది.

నాన్న లేచాడు. ఆయన సరే అనాలి. అమ్మ ఎంత చెప్పినా రాత్రి తలూపింది ఆయన, బస్సు స్టాండుకి తీసుకెళ్లి కూర్చోబెట్టాల్సింది ఆయన. వెళ్లు అనలేదు. వద్దనీ అనలేదు. మా మధ్యనుంచి నడిచి, వంటిల్లు దాటి వెనక పెరట్లోకి వెళ్లాడు.

కొళాయి తిప్పిన చప్పుడైంది.

డ్యూటీ నుంచి వచ్చాక ఆయన రోజూ కాళ్లు కడుక్కుంటాడు. దానికి రెండు మగ్గుల నీళ్లు చాలు. అమ్మ తువ్వాలు మడత సగంలో ఆపి, తల కాస్త పక్కకి వంచి వింటోంది. నేనూ వింటున్నాను. తమ్ముడు గుమ్మంవైపు ఒక అడుగు వేసి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

కొళాయి ఇంకా ఆగలేదు.